కంచె అవతలివాళ్లు

ఆర్లీ బ్యాసెట్ ఇనపచువ్వ మీద బరువంతా మోపాడు. జానెడు దిగి ఆగిపోయింది. గట్టినేల. పీకి, అడుగు దూరంలో గుచ్చాడు. ఈసారి ఉడికిన దుంపలోకి దిగినట్టు దిగింది. ఎప్పుడో తవ్వి పూడ్చిన నేల. అక్కడొక ఎర్రజెండా పాతి, "జూడిత్," అని గొణిగాడు.

అది ఆరోది. రోడ్డు కొలతలవాళ్లు పన్నెండింటికి వస్తారు. కంచె లోపలి సమాధుల జోలికి రారు. కంచె అవతల మాత్రం ఏమీ లేదని వాళ్ల కాగితంలో ఉంది. గుర్తులు చూపించకపోతే వారంలో యంత్రాలు దిగుతాయి.

కంచె లోపల ఉన్నది ఈ వెస్లీ బాటమ్ ఊరి నల్లవాళ్లు, బానిసత్వం పోకముందే ఎవరి సొత్తూ కాకుండా బతికినవాళ్లు. వాళ్ల స్వేచ్ఛాపత్రాలు ఇప్పుడు ప్రదర్శనశాలగా మారిన పాతబడిలో అద్దాల కింద ఉన్నాయి. ఆ బడి ఊడ్చేదీ, ఈ గడ్డి కోసేదీ ముప్ఫై ఒక్కేళ్లుగా ఆర్లీయే. అవతల ఉన్నది యజమానుల నుంచి పారిపోయి వచ్చి, ఊరి అటకల మీద దాక్కుని, అక్కడే పోయినవాళ్లు. రాయి పాతితే వెతికేవాళ్లకు తెలుస్తుంది. అందుకని పగిలిన పళ్లేలు, పిడి ఊడిన కప్పులు గుర్తుగా పడేశారు, చూసినవాళ్లు చెత్త అనుకోవాలని.

పోయిన శనివారం శుభ్రం చేయడానికి వచ్చిన చర్చి పిల్లలూ అలాగే అనుకున్నారు. ఎనిమిది గోతాలకెత్తి లారీలో వేశారు. ఆరోజు ఆర్లీ గుండె నొప్పితో ఆసుపత్రిలో ఉన్నాడు.

బడి చూసుకునే వాష్టి, అతని అన్న కూతురు, కంచె దాకా వచ్చింది.

"ఒక్కసారి నోరు విప్పుంటే ఏం పోయేది, బాబాయ్?"

"అమ్మ ఒట్టేయించుకుంది."

"ఎవరికి భయపడి? వెతికేవాళ్లు చచ్చి నూటయాభై ఏళ్లయింది."

"భయం చావలేదుగా."

"అయితే నువ్వూ చావకు. మొహం బూడిదలా ఉంది. పేర్లు చెప్పు, రాసుకుంటా."

ఏటా మే నెలలో అమ్మ చెయ్యి పట్టుకుని నడిపిస్తూ చెప్పిన వరుసలోనే చెప్పాడు. పది దగ్గర ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ పదే. అమ్మ గొంతు వినబడుతోంది, పేరు వినబడడం లేదు. కుక్కలతో వెతికినా దొరకని మనిషిని తానే పోగొట్టాడు.

"తెచ్చిన జెండాలూ పదేగా. పదే అనుకుందాం," అంది వాష్టి మెత్తగా.

"పదకొండు."

"సరే, పదకొండే. కదలకు, నీళ్లు తెస్తా."

ఆమె అటు వెళ్లగానే ఆర్లీ మళ్లీ చువ్వ అందుకున్నాడు. ఒక్కో జెండా పాతుకుంటూ పోయాడు. జెండాలైపోయాయి. ఇంకా గుచ్చుతూనే ఉన్నాడు. చువ్వ రెండుసార్లు జారింది. మూడోసారి మెత్తగా దిగింది.

వాష్టి నీళ్లతో వచ్చేసరికి గడ్డిలో కూర్చుని కంచెకు ఆనుకుని ఉన్నాడు, ఒక కాలికి బూటు లేకుండా. తల ఒక పక్కకు వాలిపోయింది. పిలిచినా పలకలేదు.

అతన్ని తీసుకెళ్లాక కొలతలవాడు తీసిన టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత జెండాలు లెక్కపెట్టి, "పది కదమ్మా?" అన్నాడు.

"పదకొండు," అంది వాష్టి, చెయ్యి చాపి.

అక్కడ గడ్డిలో ఒక గోధుమరంగు బూటు, మడమ ఒకవైపు అరిగిపోయి, లేసు ముడి వేసింది వేసినట్టే ఉంది.