వెస్ వదిలి వెళ్లిన వేడి

లోర్నా ఇంతవరకూ ఎవరి ముందూ నోరు విప్పి అనని మాట ఒకటుంది: తను కడుతున్న బండి ఎప్పటికీ స్టార్టు కాకూడదు.

చూసేవాళ్లకి అలా అనిపించేది కాదు. పగలంతా ఆ బండి కిందే పడుకుని ఉండేది మరి. లేవగానే మొహాన నాలుగు నీళ్లు చల్లుకుని, కాఫీ కప్పుతో పెరట్లోకి వచ్చేసరికి వాళ్ల నాన్న వెర్ల్ కొత్త షెడ్డు తలుపులు బార్లా తీసి ఉంచేవాడు. విమానాల ఫ్యాక్టరీలో రేకు పని చేసిన మనిషి. అక్కడ పనిలోంచి తీసేసి ఇంటికి పంపేశాక, ఉన్నదంతా ఊడ్చి, ఇల్లు తాకట్టు పెట్టి ఇంటి వెనక ఈ షెడ్డు లేపాడు. నేల సిమెంటు ఇంకా పచ్చివాసన పోలేదు. దూలానికి చైన్ పుల్లీ, మూల బెంచి వైస్, గోడ మీద ఏ స్పానర్ ఎక్కడ తగిలించాలో పెయింటుతో గీసిన బొమ్మలు. ఇక రావలసింది పనే. పని రావాలంటే ముందు ఒక బండి బయటికెళ్లి నలుగురి కళ్లలో పడాలి. చలి తగ్గాక ఎండు సరస్సు మీద పందేలు పెడతారు. మొహావీ ఎడారిలో పాత కారుని పందెపు బండిగా, అంటే హాట్‌రాడ్‌గా, కట్టే ప్రతివాడూ ఆ రోజు అక్కడే ఉంటాడు. కప్పు కోసేసి, మడ్‌గార్డులు పీకేసిన ఈ పాత కారు అక్కడ పరిగెడితే షెడ్డు నిలబడుతుంది. లేదంటే షెడ్డుతో పాటు ఇల్లూ పోతుంది.

రేకు పని వెర్ల్‌ది, ఇంజన్ పని లోర్నాది. ఆమెకి ఎవరూ నేర్పలేదు. పారేసిన గడ్డికోత యంత్రాలు విప్పి, బిగించి, చివర్లో ఒక బోల్టు మిగిలిపోతే తిట్టుకుంటూ మళ్లీ విప్పి నేర్చుకుంది.

ఇంజన్ మాత్రం ఆమె అన్న వెస్‌ది. నాన్నతో మాటా మాటా పెరిగిన రోజున, సరస్సు మీద తిప్పి తెచ్చిన బండిని ఇంటి ముందు ఆపేసి, వెనక్కి చూడకుండా బస్సెక్కి పోయాడు. అప్పట్నుంచీ ఆ ఇంజన్ చల్లారలేదు. పెట్రోలు లేదు, బ్యాటరీ లేదు, బండిలోంచి ఊడదీసి చెక్కల మీద కూర్చోబెట్టారు. అయినా ఏళ్ల తరబడి, ఇప్పుడే ఆపినట్టు వెచ్చగానే ఉంది. వీధిలో ఎవరికీ అదో పెద్ద విషయం కాదు. పక్కింటి పెద్దావిడ దోన్యా ఒఫీలియా రొట్టెల పిండి పొంగడానికి గిన్నె తెచ్చి దాని మీద పెట్టుకునేది. పోస్ట్‌మాన్ చలికాలంలో చేతులు కాచుకుని, "కుర్రాడు కులాసాగానే ఉన్నాడన్నమాట" అనుకుంటూ వెళ్లేవాడు. వెర్ల్ కొడుకు పేరెత్తేవాడు కాదు. కాని రోజూ పొద్దున ఆయిల్ చూసే వంకన వచ్చి, కడ్డీ తీసి తుడిచి మళ్లీ గుచ్చి, రెండో చెయ్యి ఇంజన్ మీద అలాగే ఉంచేవాడు. అందులో ఆయిల్ చుక్క కూడా లేదని ఇద్దరికీ తెలుసు.

స్టార్టు చేస్తే వచ్చేది పెట్రోలు వేడి. ఆ తర్వాత చెయ్యి పెట్టి చూస్తే ఏది వెస్‌దో ఏది పెట్రోలుదో ఎలా తెలుస్తుంది? అందుకే లోర్నా పని సాగదీసింది. బిగించిన వాల్వులు విప్పింది, విప్పినవి రుద్దింది, రుద్దినవి మళ్లీ రుద్దింది.

"ఇంజన్ కడుతున్నావా, స్వెట్టర్ అల్లుతున్నావా?" అన్నాడు వెర్ల్. "సాయంత్రానికి మళ్లీ మొదటికే వస్తోంది."

"ముందు నువ్వు బిగించిన బండి తలుపు సంగతి చూసుకో నాన్నా. ఆ సందులోంచి కుక్కపిల్ల దూరిపోతుంది."

చలి మొదలవుతుండగా ఒకనాడు పిండి పొంగలేదు. ఈస్టు పాతదేమో అంది దోన్యా ఒఫీలియా. కొత్త ఈస్టుతోనూ అంతే. ఆమె గిన్నె ఇంటికి పట్టుకుపోయి, తన పెళ్లినాటి ఉన్ని దుప్పటి తెచ్చి ఇంజన్ చుట్టూ కప్పింది.

"జ్వరం తగ్గడం వేరు, ఒళ్లు చల్లబడటం వేరు పిల్లా," అంది. "ఎలా ఉన్నాడో కనుక్కో."

కొత్త సిమెంటు కదా, నేలే వేడి లాగేస్తోందని చెప్పింది లోర్నా. కాదు, గాలి వల్ల అన్నాడు వెర్ల్. కింద చెక్కలు మార్చారు, తలుపు సందుల్లో గోనెలు కుక్కారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ మెట్ట ఎడారిలో నీళ్లు గడ్డకట్టే చలి రాకముందే ప్రతి ఇంట్లోనూ పాత ఇంజన్లలోంచి నీళ్లు తీసేస్తారు. గడ్డకట్టిన నీళ్లు ఇనుముని చీల్చేస్తాయని అక్కడ పిల్లలకి కూడా తెలుసు. ఒక్క లోర్నా ఇంట్లోనే ఆ అలవాటు లేదు. ఈ ఇంజన్‌ని ఏ చలి ఏం చేసింది గనక. లీకు ఉందేమో చూద్దామని పోసిన నీళ్లు అందులోనే ఉండిపోయాయి.

పెరడంతా తెల్లగా మంచు పట్టిన ఉదయం ఆమె షెడ్డులోకి వచ్చేసరికి, వెర్ల్ ఆయిల్ కడ్డీ చేత్తో పట్టుకుని ఊరికే నిలబడి ఉన్నాడు. ఇంజన్ పక్క నిలువునా చీలి ఉంది. చీలికలోంచి తుప్పురంగు మంచు పలకలా పొడుచుకొచ్చింది. వెల్డింగుకి లొంగే చీలిక కాదని ఇద్దరికీ చూడగానే తెలిసింది. ఇక పందేలు లేవు, షెడ్డు లేదు. బండి ఎప్పటికీ స్టార్టు కాదు. తను కోరుకున్నదే జరిగిందని లోర్నాకి తట్టింది.

దుప్పటి లాగేసి ఇంజనంతా తడిమింది. ఎక్కడ చూసినా వేళ్లు అతుక్కుపోయేంత చలి. ఎడమ పక్క చివరి సిలిండరు దగ్గర మాత్రం, అరచేతి మేర, చేతిలోకి తీసుకున్న పిట్ట ఒంట్లో ఉండేపాటి వెచ్చదనం.

"ఇక్కడుంది," అంది.

వెర్ల్ గ్లవ్స్ తీసేసి రెండు చేతులూ అక్కడ ఆనించాడు.

"వెస్‌ని నేను ఆ రోజు..." అని ఆగిపోయాడు. తర్వాత, "నేను పట్టుకునుంటాను," అన్నాడు. "నా చేతులకి ఇంకేం పనుంది."

ఇన్నేళ్లలో ఆమె వెస్‌కి ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు. నంబరు లేక కాదు. ఉత్తరాన చేపల రేవులో తను దిగిన బస నంబరు, వెళ్లిన కొత్తలోనే వెస్ ఎవరితోనో చెప్పి పంపాడు. ఇంజన్ మీద చెయ్యి వేస్తే తెలిసిపోయేదానికి ఫోనెందుకనుకుంది. బతికున్నాడని తెలుసుకుంటూ వచ్చిందే గాని, ఎలా ఉన్నావని అడగలేదు.

అతనింకా ఆ బసలో ఉన్నాడో లేడో. అక్కడ ఫోన్ ఎత్తినవాళ్లు వెస్ ఎవరని అడగొచ్చు. లేదా కాస్త ఆగి, గొంతు తగ్గించి, మీరు అతనికి ఏమవుతారని అడగొచ్చు. ఆ రెండోది తలుచుకుని, వెళ్లకుండా, దుప్పటి తీసి నాన్న చేతుల చుట్టూ సర్దింది. వెర్ల్ చేతులు అప్పుడే నీలంగా మారుతున్నాయి.

"నేనొచ్చేదాకా తియ్యకు నాన్నా," అని చెప్పి, లోర్నా వంటింట్లో ఫోన్ దగ్గరికి బయలుదేరింది.