పెద్దల్లో కలిసిన మనిషి

ధర్మరాజు కామెర్లతో పోయాడనే హిందీవాళ్ల ఊళ్లో, సిద్ధగోరా బస్తీలో ఉండే తెలుగువాళ్లందరూ అనుకుంటారు. అలా చెప్పుకొచ్చింది భార్య వరహాలమ్మే. అమావాస్యనాడు తను కొత్త పంచె పెట్టి, అన్నం వడ్డించి మొక్కే మనిషిని తాగుబోతు అనడానికి ఆమెకి నోరు రాదు. పెద్దల్లో కలిసినవాడి తప్పు ఎంచితే ఇంటికి మంచిది కాదని ఆమె నమ్మకం.

కొడుకు సూరజ్ ఫోన్లో పేకాటకి అలవాటుపడి పని పోగొట్టుకున్నాడు. కోడలు రీనా మెడలో పుస్తెలు కూడా పోయాక, అత్తాకోడళ్లు కలిసి అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఇంట్లో ఎవరైనా తాగేవారా అని డాక్టరమ్మ అడిగితే, వరహాలమ్మ లేదని తల ఊపింది. మాటలతో చేసే వైద్యం నెలల తరబడి సాగింది. సూరజ్ మాత్రం స్నానానికి వెళ్లినా ఫోను వదల్లేదు.

ఇంకే మందూ లేదా అని చివరికి రీనా అడిగింది. ఆడాలనే యావని తగ్గించే మాత్ర ఒకటుందనీ, అది అందరికీ పనిచెయ్యదనీ, తాగుడున్న ఇళ్లలో పుట్టినవాళ్లకి ఎక్కువ గుణమిచ్చినట్టు కనబడిందనీ డాక్టరమ్మ చెప్పింది. లివరుకి భారం కాబట్టే ఇన్నాళ్లూ ఇవ్వలేదట.

వరహాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసింది.

"మా ఆయన తాగేవోడమ్మా. తాగే పోనాడు."

రక్తపరీక్ష చేయించి, డాక్టరమ్మ మాత్రలు రాసింది. తప్పక నయమవుతుందని అనలేదు గాని, ఇప్పుడు కొంచెం ఆశ ఉందంది. సూరజ్ పక్కనే ఉండి అంతా విన్నాడు. ఇంటికొచ్చాక తల్లి మాత్రా, నీళ్లూ అందించబోతే చెయ్యి చాపలేదు.

"కామెర్లన్నావు కదమ్మా."

"తాగుడికొచ్చిన కామెర్లేరా."

"తో ఖూన్ మే హై. గోలీ క్యా కరేగీ?" రక్తంలోనే ఉన్నదానికి మాత్రేం చేస్తుందని అతని మాట.

"అలాటోలికే పనిసేత్తాదంట్రా. ఆవిడ సెప్పిందదే కదా."

"నాన్న చేత ఎవరు మానిపించగలిగారు?"

సూరజ్ గోడవైపు తిరిగి ఫోను తెరిచాడు. రీనా సంచీలో బట్టలు సర్దుకుని, గోవింద్‌పూర్‌లో పుట్టింటికి బయల్దేరింది. వరహాలమ్మ ఆపలేదు.

దాచినప్పుడు తప్పు చేశానా, చెప్పినప్పుడు చేశానా తండ్రీ, అని దేవుణ్ణి అడిగింది. గోడవైపునుంచి ఆట చప్పుడు వస్తూనే ఉంది. ఆమె అరచేతి చెమటకి మాత్ర కరగడం మొదలైంది.