గగ్గోలు వాళ్ళ గ్రహం

ఈ ఉదయం గగ్గోలు వేషం లోపల మనిషి లేడు. అయినా షూటింగుకి వేళకే వచ్చింది. ఆకుపచ్చ స్పాంజి ఒళ్ళు, నెత్తిన స్ప్రింగులు, వీపున జిప్పు, అన్నీ సవ్యంగానే ఉన్నాయి. పచ్చదారం అయిపోతే నేను గులాబీ దారంతో కుట్టిన ఎడమ చెవి కూడా ఉంది. జిప్పు తీసి చూస్తాను. ఖాళీ.

"కనకరాజు గారు మానేశారక్కా. లోపల ఉక్కపోతట. ఇవాళ్టికి నేను చేసేస్తాను," అంటుంది వేషం.

జిప్పు మళ్ళీ పైకి లాగుతాను. ఈ సీరియల్‌కి బట్టలు కుట్టడం నా పని. వాటిలో ఎవరున్నారో చూడటం నా పని కాదు.

మాది అంతరిక్ష నౌక సీరియల్. ఇవాళ ఆఖరి ఎపిసోడ్, అదీ నవ్వుల ఎపిసోడ్. నౌకలో వంట యంత్రం చెడిపోయి, ఏ మీట నొక్కినా ఉప్మాయే ఇస్తుంది. కెప్టెన్ బిర్యానీ మీట నొక్కి, పాయసం మీట నొక్కి, చివరికి ఉప్మా ముందు కూలబడి ఏడవాలి. గ్రహాంతరవాసి గగ్గోలు ఆ ఉప్మాని దేవుడనుకుని దండం పెట్టాలి. ఉప్మా మీద పగబట్టిన వాళ్ళెవరో రాసినట్టుంది.

మధ్యాహ్నం ఆ అట్ట యంత్రం మజ్జిగ పులుసు ఇస్తుంది, ఇంగువ పోపు వేసి మరీ. షాట్ ఆపి అందరం తింటాం. డైరెక్టర్ పరాంకుశం గారు మారు వడ్డించుకుంటారు.

తిన్నాక చూస్తే గుమ్మడికాయ లేదు. షూటింగ్ ముగిస్తే గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, కెమెరాకి దిష్టి తీసి పగలగొట్టాలి. అది పగిలితేనే ముగిసినట్టు. కాయ ఎవరు తీశారని ఆయన అడుగుతారు. అందరం భుజాలు తడుముకుంటాం. అందరి భుజాల మీదా బూడిద ఉంది, ఆయన భుజాల మీద ఇంకాస్త ఎక్కువ.

షూటింగ్ ముగియలేదు కాబట్టి నౌక నడవా పొడుగవుతుంది. ఇంటికి బయల్దేరిన మేకప్ అమ్మాయి నడుస్తూనే ఉంది. చెయ్యి ఊపితే తనూ ఊపుతుంది.

పరాంకుశం గారు కిటికీ వైపు చూస్తారు. అక్కడ దారానికి గగ్గోలు వాళ్ళ గ్రహం వేలాడుతోంది. థర్మకోల్ దొరక్క ఆర్ట్ వాళ్ళు గుమ్మడికాయకే నీలం రంగు పూశారు.

"కాయ కాయే కదమ్మా, దింపు. ఇవాళ మా మనవరాలు ఉత్పల పుట్టినరోజు. ఇంటికెళ్ళాలి," అంటారు.

దింపుతాను. గ్రహం గోరువెచ్చగా ఉంది. రంగు పెచ్చు లేచినచోట సన్నటి దీపాలు కనిపిస్తాయి. చెవి ఆనిస్తే, కుక్కర్ కూత పెడుతోంది. ఎవరో పిల్లల్ని అన్నానికి పిలుస్తున్నారు.

గగ్గోలు నెత్తిన స్ప్రింగులు కదలడం మానేస్తాయి.

"అక్కా, మా అమ్మ పెందలాడే పడుకుంటుంది. కొట్టేముందు ఒకసారి లేపండి," అంటుంది.

నాకు దుఃఖం ఆగదు. దాని చెయ్యి పట్టుకుంటాను. గ్రహాన్ని పరాంకుశం గారి చెవి దగ్గర పెడతాను. ఆయన చెడ్డవాడు కాదు, ఇంటి మీద బెంగపెట్టుకున్నవాడు. చాలాసేపు వింటారు.

"ఎవరో మారు వడ్డించుకుంటున్నారు," అని కర్పూరం డబ్బీ జేబులో వేసుకుంటారు. "తిననీ. మనం ఇంకో టేక్ చేద్దాం."

అంటే ఎవరమూ ఇంటికి పోము. ఎవరూ సణగరు. గ్రహాన్ని మళ్ళీ వేలాడదీస్తాను. గగ్గోలు దానికి తెర అడ్డం పెట్టమంటుంది, లైట్ల వెలుగుకి వాళ్ళమ్మకి నిద్ర పట్టదట. తెర కోసం ఎదుటి కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎప్పుడూ తియ్యని దాని తెర లాగుతాను.

బయట స్టూడియో లేదు, ఊరు లేదు. పైన, ఆకాశం నడినెత్తిన, కర్పూరం వెలుగుతోంది. కిటికీ నిండా ఒక పెద్ద ఆకుపచ్చ చెవి నెమ్మదిగా ఆనుతోంది. దాని అంచున గులాబీ దారం కుట్లు. నా కుట్లే.

అక్కడా ఎవరో వింటున్నారు. నేను స్టీలు పళ్ళెం అందుకుని గరిటెతో మోగిస్తాను. గగ్గోలు గ్లాసులు మోగిస్తుంది. నడవా చివర మేకప్ అమ్మాయి గాజులు గలగలలాడిస్తుంది. పరాంకుశం గారు ఆ చెవి దగ్గరగా నిలబడి, గొంతు సవరించుకుని, ఉత్పలని అన్నానికి పిలుస్తారు.