పిట్ట కాలికి కట్టిన చీటీ

"ఎక్కడ నేర్చావే ఇంత మొండితనం?" అన్నారు మా అత్తగారు, నేను పిట్ట చర్మం ఒలుస్తుంటే.

మడుగుల్లో గిరగిరా తిరిగే ఎర్రమెడ పిట్టల్ని మా ఆయన ఆర్చిబాల్డ్ తుపాకితో కొట్టుకొస్తారు. అక్కడితో ఆయన పని సరి. ఒలవడం, పురుగు పట్టకుండా విషపు సబ్బు పూయడం, దూది కూరడం, ఆడో మగో చీటీ రాసి కాలికి కట్టడం, బొమ్మ గీసి రంగులేయడం అన్నీ నావే. ఆ సబ్బుకి నా గోళ్ళ చివర్లు పగిలి నెత్తురొస్తుంది. ఆ బొమ్మలతో అచ్చయ్యే పిట్టల పుస్తకం మీద పేరేమో ఆయనది. పోనీలే అనుకున్నాను.

అబద్ధం మాత్రం ఎలా గీయను? మెడ మెరిసేది మగదట, పక్కన గుడ్ల మీద కూర్చున్న రంగు వెలిసిన పిట్ట ఆడదట, బొమ్మ కింద అలాగే రాయమన్నారు. ఈ ఫెట్లార్ దీవిలో పుట్టి పెరిగినదాన్ని నేను! పోయిన వారం మెరిసే పిట్ట పొట్టలో గుడ్డు దొరికితే పరుగున వెళ్ళి చూపించాను.

ఆయన తలైనా ఎత్తలేదు. "చీటీలు కలిపేసుంటావు. గుడ్లు పొదిగేది ఆడది కాక మగాడా? వింటే నవ్విపోతారే!"

"మొగుడి తప్పులు పట్టడానికే తెచ్చుకున్నాం మరి నిన్ను," అని అత్తగారు అందుకున్నారు.

రెండు రోజులు నా కళ్ళని నేనే నమ్మలేదు. నిజంగా నేనే కలిపేశానేమో అని కుమిలిపోయాను. అన్నిటికంటే అదే నాకు ఒళ్ళు మండించింది.

ఇవాళ ఎడింబరో నుంచి ప్రొఫెసర్ గారొచ్చారు. రేపటి పడవలో బొమ్మ ఆయనతో అచ్చుకి వెళ్ళిపోతుంది. రాగిరేకు మీద చెక్కేశారంటే ఇక ఎన్ని వందల కాపీలు తీసినా అదే అబద్ధం, నా చేతి గీతల్లో.

భోజనాలయ్యాక మా ఆయనకి హుషారెక్కింది. "మా ఆవిడ పిట్టని ఎంత నాజూగ్గా ఒలుస్తుందో చూద్దురుగాని, ప్రొఫెసర్ గారూ. ఏమే గ్రిజెల్, తీసుకురా!"

పొద్దున కొట్టిన మెరిసే పిట్టని తెచ్చి బల్ల మీద పెట్టాను. పొట్ట కింద నా బొటనవేలికి ఏదో గట్టిగా, గుండ్రంగా తగిలింది. నోరు మూసుకుని ఒలిచేస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. పన్నెండేళ్ళుగా ఉంటోంది కూడా.

"చీటీ మీరే రాసి కట్టండి. నేనైతే మళ్ళీ కలిపేస్తాను," అన్నాను.

"చూశారా, ఎంత భయమో!" అని పకపకా నవ్వి, 'మగ' అని రాసి, పిట్ట కాలికి తనే ముడేశారు.

చర్మం ఒలిచాను. "భేష్," అన్నారు ప్రొఫెసర్.

"చాల్లే, ఇక తీసెయ్," అన్నారు మా ఆయన.

నేను తీయలేదు. ఎవరూ అడక్కుండానే పొట్ట కోశాను. మచ్చల గుడ్డు చిట్లకుండా బయటికొచ్చింది. దాన్ని చీటీ పక్కన పెట్టాను.

ప్రొఫెసర్ కళ్ళద్దాలు సర్దుకుని వంగారు. గుడ్డు చూశారు, చీటీ చదివారు, మళ్ళీ గుడ్డు చూశారు. అత్తగారు కూడా మెడ సాచి చూశారు.

"ఇది... ఇదెలా..." అన్నారు మా ఆయన.

"ఈసారి నేనేం కలపలేదండీ," అన్నాను. "చీటీ మీరే కట్టారు."