అక్క ప్లేటు

నలభై దాటినా ఆమె తిండి మాత్రం నత్తనడకే. భర్త చేతులు కడుక్కుని, పేపరు తిరగేసి, ఒక కునుకు తీసి వచ్చినా ఆమె ప్లేటులో సగం అలాగే ఉంటుంది. నీతో భోజనానికి కూర్చోవాలంటే ఆఫీసుకు సెలవు పెట్టాలని ఆయన ఎకసెక్కం. ఆమె నవ్వి ఊరుకుంటుంది. నూడుల్స్‌ను మాత్రం ఇంట్లోకి రానివ్వదు. పిల్లలు ఎంత గోల పెట్టినా సరే, నాకు పడవు అంటుంది.

పడకపోవడమేమీ కాదు. చిన్నప్పుడు అవంటే ప్రాణం. రైల్వే స్టేషనుకు ఎదురుగా ఒక ఇరుకు హోటలు ఉండేది. రేకు టేబుళ్ళు, ఒక కాలు పొట్టిగా ఉండే కుర్చీలు, తిరుగుతోందో మూలుగుతోందో తెలియని ఫ్యాను. వాళ్ళ నాన్న దుకాణాలకు బోర్డులు రాసేవాడు. పెద్ద బోర్డు ఏదైనా పూర్తయితే, గోళ్ళలో రంగు పోకముందే అందరినీ అక్కడికి తీసుకెళ్ళేవాడు. అక్కడ ఆయనది ఒకటే చట్టం. అందరి ప్లేట్లూ ఖాళీ అయితేనే లేవాలి. ఒకరు తింటుండగా ఇంకొకరు లేస్తే ఆయనకు ఒళ్ళు మండేది. మనం ఒక ఇంటివాళ్ళమా, బస్సులో పక్కపక్కన కూర్చున్నవాళ్ళమా అని కసిరేవాడు.

తర్వాత ఆయన కుడిచేయి వణకడం మొదలుపెట్టింది. వణికే చేతికి బోర్డు ఎవరిస్తారు? అమ్మ కుట్టుమిషను తొక్కి తొక్కి ఇల్లు ఈడ్చుకొచ్చింది గాని, అది ముందుకు కదిలితేగా. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ వచ్చింది. అమ్మకు సొంత అక్క, పిల్లలు లేరు. చిన్నవాణ్ణి తనకిచ్చేయమని అడిగింది. చదివిస్తానంది, కడుపులో పెట్టుకుని చూసుకుంటానంది. పెద్దమ్మ చెడ్డదని చెప్పడానికి లేదు. చెడ్డదైతే బాగుండేది, కాదనడం తేలికయ్యేది.

చిన్నవాడికి అయిదేళ్ళు. నున్నటి తల చూసి ఇంట్లో అందరూ గుండు అనేవారు. రైలెక్కి పెద్దమ్మ ఇంటికి వెళ్తున్నావని, నాలుగు రోజుల్లో వచ్చేస్తావని వాడికి చెప్పారు. వాడు సంబరంతో గాల్లో తేలిపోతున్నాడు. పన్నెండేళ్ళ అక్కకు అసలు ఏమీ చెప్పలేదు. కానీ పొద్దున వంటింటి గుమ్మం పక్కన నిలబడి ఆమె అంతా విన్నది. నాన్న సరేనన్న తీరు కూడా విన్నది. ఎవరో పీక పట్టుకుని అనిపించినట్టు అన్నాడు. ఇవాళ్టి బండి తప్పిపోతే నాన్న నోట ఆ మాట మళ్ళీ రాదని ఆమె నమ్మకం. బండి ఎలా తప్పించాలో మాత్రం ఎంత ఆలోచించినా తట్టలేదు. కాళ్ళావేళ్ళా పడదామంటే, విన్నట్టు తెలిస్తే ముందే పంపేస్తారేమోనని భయం.

సాయంత్రం, ఏ బోర్డూ పూర్తవకపోయినా, నాన్న అందరినీ హోటలుకు తీసుకెళ్ళాడు. టేబులు కింద గుండుగాడి బట్టల సంచీ. ప్లేట్లు వచ్చాయి. అప్పుడు తట్టింది ఆమెకు. ఒక్కటంటే ఒక్క నూడులు తీసి నోట్లో పెట్టుకుని, నీళ్ళయ్యేదాకా నమిలింది. ఆ తర్వాత ఇంకొకటి.

గుండు మాత్రం నూడులు కొస పట్టుకుని, ముక్కుకు తగిలేలా జుర్రుమని పీలుస్తూ తనే రైలింజనైపోయాడు. మామూలుగా అయితే అందరూ పడీ పడీ నవ్వేవారు. అమ్మ తలెత్తకుండా తినేసింది. ఏం తిన్నదో ఆమెకే తెలియదు. పెద్దమ్మ గోడ గడియారం వైపు చూసి, పిల్ల ఇంటికెళ్ళి తింటుంది, పొట్లం కట్టించమంది.

"ప్లేటు ఖాళీ కాకుండా మేం లేవం వదినా," అన్నాడు నాన్న.

అక్క నాన్న మొహంలోకి చూసింది. ఒక్కసారి గుడ్లురిమితే ఆమె గబగబా మింగేదని ఆయనకు తెలుసు. ఉరమలేదు. వణికే చేత్తోనే మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపి, "మెల్లగా తిను తల్లీ" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆయన నోట వినలేదు. ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

పెద్దమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇవ్వననాలంటే నోటితో అను. పిల్ల ప్లేటు అడ్డం పెట్టుకోకు," అంది. గొంతులో కోపం కన్నా ఏడుపే ఎక్కువుంది. అను నాన్నా, ఒక్క మాట అను అని ఆమె లోపల్లోపల మొత్తుకుంది. ఆయన ఖాళీ ప్లేటులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఎదురుగా స్టేషనులోకి బండి వచ్చింది. రోడ్డు దాటితే చాలు, ఎక్కేయొచ్చు. ఇంకాసేపు ఆగితే చాలు, వెళ్ళిపోతుంది. ఆమెకు నమలడానికి నోట్లో తడి కూడా లేదు. ఆపుకుందామన్నా ఆగక కళ్ళలోంచి నీళ్ళు జారి ప్లేటులో పడ్డాయి.

అది గుండు చూశాడు. వాడి ప్లేటు ఎప్పుడో అయిపోయింది. అక్క తినలేకపోతోందని, మిగిలిస్తే నాన్న తిడతాడని ఏడుస్తోందని వాడికి అర్థమైంది. కుర్చీ మీద మోకాళ్ళేసుకుని ఆమె ప్లేటు పట్టుకుని లాగాడు. ఆమె అంచు వదల్లేదు.

"వదులక్కా, నేనున్నాగా. నాన్నా, అక్కకి కడుపు నిండిపోయింది. తిట్టకు."

వద్దురా అనాలి. అంతే. అంటే ఎందుకు వద్దని వాడడుగుతాడు. ఆ జవాబు వాడి మొహం మీద చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి. అప్పటికే పొట్ట బిగిసిపోయిన గుండు, చల్లారి ముద్దకట్టిన నూడుల్స్‌ను రెండు చేతులా నోట్లోకి తోసుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు తేలేశాడు, ఒకసారి పొలమారింది కూడా. ఆగలేదు. ఆఖరి ముక్క మింగి, ప్లేటు ఎత్తి నాన్నకు చూపించాడు.

"అక్కది కూడా అయిపోయింది నాన్నా. లే, పోదాం."

నాన్న లేవలేదు. పెద్దమ్మ వంగి సంచీ అందుకుంది. అమ్మ వాడి మూతి తుడిచింది, తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని వాకిలి దాకా వెళ్ళిన గుండు వెనక్కి తిరిగాడు. నూనె మెరిసే మొహంతో అక్క వైపు చూసి, నీకు తిట్లు తప్పించానుగా అన్నట్టు కళ్ళెగరేసి వెళ్ళిపోయాడు.