అడుగు పడితే మళ్ళీ మొదట్నుంచి

ఆ ఇంట్లో ఒక ఉల్లిపాయ మాయమైపోయింది. దొంగలెవరూ రాలేదు. ఒలవమని మరిది చేతికిచ్చింది వదిన, అంతే.

"ఒక పొర తీస్తే కింద ఇంకో పొర వస్తోంది వదినా. ఇందులో అసలు ఉల్లిపాయ ఎక్కడుంది?" అన్నాడతను, ఒళ్ళంతా పొట్టుతో, కళ్ళ నుంచి ధారలు కారుతుండగా. పంతొమ్మిదేళ్ళవాడు. మంచినీళ్ళ గ్లాసు కూడా మంచం దగ్గరికే రావాలంటాడని ఇంట్లో అతనికి దొరగారని పేరు.

అవతల గదిలో ఆడపడుచు స్టూలు వేసుకుని బట్టలుతికే మిషను ముందు కూర్చుంది. పదహారేళ్ళ పిల్ల, ముద్దుపేరు మహారాణి. ముప్పావు గంట నుంచీ కదల్లేదు.

"ఏం చేస్తున్నావే అక్కడ?"

"చూస్తూ ఉండమన్నావుగా వదినా. చూస్తున్నాను."

వదిన తల పట్టుకుంది. సోమవారానికి గట్టిగా నాలుగు రోజులే ఉన్నాయి.

సోమవారం ఆమెకు బట్టలు కుట్టే దుకాణంలో పరీక్ష. చదువు ఎనిమిదితో ఆగిపోయినా కుట్టుపని మాత్రం చేతికి బాగా పట్టుబడింది. భర్త లారీ తోలుతూ వారానికొకసారి ఇల్లు చూసేవాడు. తన చేతికంటూ ఒక పని ఉండాలని ఆమెకు ఎప్పటినుంచో ఉంది. దుకాణం నడిపే మాస్టరమ్మ ఒకటే మాట చెప్పింది. "పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదుదాకా పన్నెండు కాలర్లు కుట్టాలి. నీకు ముందు ఇద్దరు ఇల్లు గుర్తొచ్చి మధ్యలోనే పరిగెత్తారు. నువ్వూ అలా లేచావంటే ఇక రావక్కర్లేదు."

గుర్తు రావడమేమిటి, వదినకు ఇల్లు ఎప్పుడూ మరుపే రాదు. మూడేళ్ళ కూతురు చిట్టి తుమ్మితే తనకి జ్వరం వచ్చేది. అందుకే నాలుగు రోజులపాటు మరిదికీ ఆడపడుచుకూ ఇంటిపని నేర్పింది. నేర్పడమంటే, ఒక నిమిషం చెప్పడం, తరవాత చేతిలోంచి లాక్కుని తనే చేసేయడం. ఒక్క నేల తుడవడం దగ్గర మాత్రం గొంతు గట్టిగా పెట్టి చెప్పింది. చిట్టి ఒకసారి తడి నేల మీద జారి నుదురు బొప్పి కట్టించుకుంది మరి.

"ఆరేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదు. అడుగు జాడ ఒక్కటి కనిపించినా మళ్ళీ మొదట్నుంచి తుడవాలి. ఇంకో మాట, నాకు ఫోన్ చేయకండి. పని పోతుంది."

"చిత్తం" అన్నాడు దొరగారు.

సోమవారం పదకొండింటిదాకా వదిన చేతులు మిషను మీదా ప్రాణం ఇంటి మీదా పెట్టుకుని కుట్టింది. ఫోన్ చేయవద్దని వాళ్ళకి చెప్పింది గానీ తను చేయకూడదని ఎవరూ అనలేదుగా. టీ తాగే వేళ ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పన్నెండున్నరకి మళ్ళీ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

చిట్టి తల గిన్నెలో ఇరుక్కుందేమో. బట్టలుతికే మిషను వీధిలోకి నడిచి వెళ్ళిపోయిందేమో. దొరగారు ఈపాటికి ఎన్ని ఉల్లిపాయలు మాయం చేశాడో.

"ఈ కాలరు ఎవరికమ్మా?" మాస్టరమ్మ గుడ్డ ఎత్తి చూసింది. "మెడ వీపు వైపున్నవాడికా?"

పక్క మిషను మీదున్నావిడ కిసుక్కున నవ్వింది. వదిన కుట్లు విప్పుకుంటూ తలుపు వైపు చూసింది. కాళ్ళు వాటంతట అవే లేవబోతున్నాయి. ఏం చేయాలో తోచక కొలతల టేపు తీసి ఎడమ కాలిని కుర్చీకి కట్టేసుకుంది.

మూడింటికి మళ్ళీ ఫోన్ చేసింది. జవాబు లేదు. ఈసారి ఆగలేక ఒక్క ఉదుటున లేచింది. కుర్చీ కూడా ఆమెతోపాటే లేచింది. ఇద్దరూ కలిసి రెండడుగులు వేసి గుడ్డల కుప్పలో పడ్డారు.

మాస్టరమ్మ వచ్చి పైనుంచి తొంగి చూసింది. "టేపు కొలవడానికమ్మా."

"తెలుసండీ."

"వెళ్తున్నావా?"

వదిన కుప్పలోంచి గోడ గడియారం చూసింది. తొమ్మిది కాలర్లు అయ్యాయి, మూడు మిగిలాయి. "లేదండీ" అంది. "కుర్చీ పక్కకి జరిగింది."

ఐదింటికి పన్నెండూ బల్ల మీద పెట్టింది. మాస్టరమ్మ ఒక్కోటీ తిప్పి చూసి, "రేపు తొమ్మిదికి రా. కుర్చీని ఇక్కడే వదిలి వెళ్ళు" అంది.

ఇంటికి నడిచిందో ఎగిరిందో ఆమెకే తెలియదు. తలుపు తోసేసరికి లోపల్నుంచి రెండు గొంతులు ఒకేసారి, "అక్కడే ఆగు వదినా. తడిగా ఉంది."

వదిన గుమ్మంలోనే నిలబడిపోయింది. ముందు గది అద్దంలా మెరుస్తోంది. తన మొహం తనకే కనిపిస్తోంది. ఆ చివర వంటింటి గట్టు మీద దొరగారు, మహారాణి, మధ్యలో చిట్టి, వరసగా కూర్చుని కాళ్ళూపుకుంటున్నారు. ముగ్గురి మోకాళ్ళూ తడి.

"ఫోన్ ఎందుకు ఎత్తలేదర్రా? నా పైప్రాణాలు పైనే పోయాయి."

"అది నీ పక్కన కిటికీలో ఉంది" అంది మహారాణి. "మేము వీధి తలుపు నుంచి మొదలుపెట్టి తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చి ఇరుక్కుపోయాం."

ఎటునుంచి ఎటు తుడవాలో చెప్పనేలేదని వదినకు అప్పుడు తట్టింది. తన కాళ్ళకు తెలిసిన సంగతి నోటిదాకా రాలేదు.

"నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నేను పరిగెత్తాను" అన్నాడు దొరగారు. "నేను వెళ్ళేసరికి ఆగిపోయేది. తిరిగి చేద్దామంటే వద్దన్నావు. వెనక్కి చూస్తే అడుగులు. మళ్ళీ మొదట్నుంచి."

"అలా మూడుసార్లా?"

"ఆరు. మిగతా మూడూ దీనివి." చిట్టి గర్వంగా పాదం ఎత్తి చూపించింది.

"మరి తిండి?"

"వంటింట్లో పడ్డాక ఇంకేం చేస్తాం వదినా, వండుకున్నాం. అన్నం, గుడ్లు. ఉల్లిపాయకి ఒక్క పొరే తీశాను. నీకూ ఉంచాం." అంతలోనే గొంతు తగ్గించాడు. "పని సంగతేమైంది?"

"రేపు తొమ్మిదికి రమ్మన్నారు."

అన్నాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత నేలను చూశారు. ఈలోగా చిట్టి గట్టు మీంచి దొరగారి వీపు మీదకి పాకింది. దాన్ని మోసుకుంటూ అతనూ, వెనకే మహారాణీ, థపథపా నీళ్ళు చిందిస్తూ వచ్చి వదిన మీద పడ్డారు.

తేరుకుని చూస్తే గది నిండా అడుగులు. మహారాణి నాలిక కరుచుకుని తడిగుడ్డ అందుకుంది. వదిన చేయి దాన్ని లాక్కోవడానికి ముందుకు వెళ్ళింది. సగం దూరంలో ఆ చేతిని తనే పట్టుకుని వీపు వెనక దాచుకుంది.

"మళ్ళీ మొదట్నుంచేనా వదినా?" అన్నాడు దొరగారు దీనంగా.

వదిన చెప్పులు గుమ్మం దగ్గర వదిలింది. మధ్యాహ్నం కుర్చీకి కట్టుకున్న ఎడమ కాలిని ఎత్తి, దుమ్ము పాదాన్ని గది నడిమధ్య అచ్చు గుద్దినట్టు పెట్టింది. పక్కనే కుడిది.

"నాకాకలేస్తోంది" అంది. "ఆ గుడ్లెక్కడ?"