కరగని బిరడా

ఆ ఇంట్లో ఏ వస్తువైనా పాడైందంటే మామగారికి పరువు పోయినంత పని. లేతు మిషను మీద జీవితమంతా ఇనుము చెక్కిన మనిషి. కొట్టుకెళ్తే గిన్నెను వేలితో కొట్టి మోత వినేవారు, కుర్చీని తలకిందులు చేసి కాళ్ళు ఊపి చూసేవారు, గొడుగును తెరిచి మూసి, మళ్ళీ తెరిచి కొట్టువాడి ఓపికను పరీక్షించేవారు. "మూన్నాళ్ళ ముచ్చటకి డబ్బు పోసుకోకూడదమ్మా" అనేవారు కోడలితో. సంబంధం ఖాయం చేసుకునే ముందు తన్నూ ఇలాగే కొట్టి చూసుంటారని ఆమె మొగుడి దగ్గర నవ్వేది గానీ, ఆ ఇంటి గట్టిదనం ఆమెకు బాగా నచ్చింది. పుట్టింట్లో తలుపు గడియ కూడా సరిగ్గా పడేది కాదు మరి.

ఆయనకు కంట్లో నలుసులా తగిలింది ఒక్కటే, కుక్కర్ మూత మీది సేఫ్టీ వాల్వు. అత్తగారు నీళ్ళు పోయడం మరిచిపోయినప్పుడల్లా అది కరిగిపోయేది. ఆవిరి బుస్సుమనేది, వంట సగంలో ఆగేది. మళ్ళీ ఒకసారి అలా పోయేసరికి మామగారు ఒంటికాలి మీద లేచారు.

"ఇదీ ఒక వస్తువేనా? మనచేత మళ్ళీ మళ్ళీ కొనిపించడానికే ఇంత మెత్తగా చేస్తారు వెధవలు!"

తాను పనిచేసిన షెడ్డుకు వెళ్ళి, అదే కొలతకు ఉక్కు బిరడా చెక్కి తెచ్చి బిగించారు. అది తళతళలాడింది. ఇక ఎప్పుడూ కరగలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ మూత ఎత్తి మరీ చూపించి మురిసిపోయారు.

చాలా రోజుల తర్వాత ఒక సాయంత్రం, కుక్కర్‌కి రబ్బరు రింగు కొనడానికి కోడలు కొలత కోసం మూత కూడా పట్టుకుని స్టీలుసామాన్ల కొట్టుకు వెళ్ళింది. కొట్టామె రింగు తీయబోయి, మూత చూసి ఆగిపోయింది.

"ఇదెవరు పెట్టారమ్మా?"

"మా మామగారు. పాతది ఊరికే పోతోందని."

"అది పోవడానికే ఉంటుంది తల్లీ! విజిల్ దారిలో గింజో పొట్టో అడ్డం పడితే, ఆవిరి బయటికి రావడానికి మిగిలే దారి ఇదొక్కటే. ఇది కరిగితే మీరు బతుకుతారు. ఇది కరక్కపోతే ఇక లేచేది మూతే."

కోడలు ఇన్నాళ్ళూ ఆ కుక్కర్ పక్కనే నిలబడి కబుర్లు చెబుతూ కూర తరిగింది. మెత్తటి వాల్వు ఒకటి కొనుక్కుని దాదాపు పరుగున ఇల్లు చేరింది.

కొట్టామె అన్నదంతా మామగారికి చెప్పింది. వాదిస్తారని భయపడింది గానీ, ఆయన మూత ఒళ్ళో పెట్టుకుని, స్పానర్‌తో బిరడా విప్పి, అరచేతిలో పెట్టుకుని చూశారు. ఇనుము గురించి ఆయనకు తెలియనిది లేదు. పాపం, గట్టిగా ఉండకూడని వస్తువు కూడా ఒకటి ఉంటుందని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

"ఇదొక్కటే చేసి ఊరుకోలేదమ్మా" అన్నారు చివరికి.

"అంటే?"

"అందరూ ముచ్చటపడి అడిగారు. పై వాటా వాళ్ళకిచ్చాను. సందు చివర దర్జీకిచ్చాను. ఇంకా ఎవరికిచ్చానో..."

పక్కనే వింటున్న అత్తగారు చెప్పులైనా వేసుకోకుండా మెట్లెక్కింది. సాయంత్రం వంటల వేళ. వీధిలో ఏదో కిటికీలోంచి కుక్కర్ కూత వినిపించింది. మరో కిటికీ అందుకుంది. రోజూ వినే చప్పుడే, ఈ రోజు కోడలు ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టుకుంది. కూత వేసేవి నయం, ఆవిరి పోతోందని అర్థం. కూయని వాటి సంగతే తెలియదు.

"మీ అమ్మగారికీ ఇచ్చాను. మొన్న వెళ్ళినప్పుడు నేనే బిగించి వచ్చాను" అన్నారు మామగారు, తల ఎత్తకుండా.

ఆమె వెంటనే పుట్టింటికి ఫోను చేసింది. తల్లి పక్క ఊళ్ళో ఒంటరిగా ఉంటుంది. అవతల గంట మోగీ మోగీ ఎట్టకేలకు ఆగింది.

"ఏమే, ఈ వేళప్పుడు చేశావు? నీ గొంతేంటి అలా ఉంది?"

"అమ్మా, కుక్కర్..."

"అవునే, నేనూ అదే అనుకుంటున్నా. శనగలు పెట్టి ఎంతసేపైందో, ఒక్క కూతా లేదు. మీ మామగారి బిరడా మాత్రం గట్టిదే తల్లీ, పిసరంత ఆవిరి పోనివ్వట్లేదు. ఉండు, ఒకసారి కదిపి చూసొస్తా."

"వద్దమ్మా! దగ్గరికెళ్ళకు! అమ్మా!"

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. మామగారు కోడలి చేతిలోంచి ఫోను లాక్కుని "చెల్లెమ్మా! చెల్లెమ్మా!" అని అరిచారు. అవతల చెప్పుల చప్పుడు వంటింటివైపు, తాపీగా, దూరమవుతూ ఉంది.